ప్యాచ్ వేసుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

జెంటూ లినక్స్‌లో ఏదో ప్రోగ్రాం సోర్సులో నాలుగు లైన్లు మార్చాలని, అందుకోసం ఈబిల్డ్‌నే, అంటే ఆ ప్యాకేజీని ఎలా బిల్డ్ చెయ్యాలో చెప్పే స్క్రిప్టునే, తెరిచి దిద్దుతున్నానని రాశావు. ముందు ఆ పని ఆపెయ్. జెంటూ వాళ్ల ఈబిల్డ్‌లన్నీ ఉండే ట్రీలోని దాన్ని ముట్టుకుంటే, ట్రీని తాజా చేసే తర్వాతి సింక్‌తో నీ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. ఓవర్లే అనే సొంత ఈబిల్డ్‌ల సంచయంలోకి కాపీ చేసుకోవచ్చు గానీ, ఆనక అసలు ఈబిల్డ్‌లో వచ్చే ప్రతి సవరణనీ నువ్వే తెచ్చి కలుపుకోవాలి. నాలుగు లైన్లకి అంత చాకిరీ ఎందుకు?

జెంటూ ప్యాకేజీ మేనేజర్ పేరు పోర్టేజ్. /etc (ఈటీసీ)లో దాని పేరుతో ఉన్న డైరెక్టరీ కింద ప్యాచెస్ అనే డైరెక్టరీ పెట్టు. అందులో కేటగిరీ పేరుతో ఒకటి, దాని లోపల ప్యాకేజీ పేరుతో ఇంకొకటి. నీ ప్యాచ్ ఫైలు, అంటే సోర్సులో నువ్వు మార్చిన లైన్లని చూపే ఫైలు, అక్కడ ఉంచు. పేరు చివర డాట్ ప్యాచ్ గానీ డాట్ డిఫ్ గానీ లేకపోతే పోర్టేజ్ దాన్ని కన్నెత్తి చూడదు. 2015లో ఖరారైన ఈఏపీఐ 6 (ఈబిల్డ్‌లు పాటించాల్సిన నియమాల ఆరో కూర్పు) నుంచీ ప్రతి ఈబిల్డూ కంపైల్‌కి ముందు సోర్సుని సిద్ధం చేసే ప్రిపేర్ దశలో యూజర్ ప్యాచ్‌లు వేసి తీరాలి కాబట్టి ఈబిల్డ్‌తో నీకు పని లేదు. గిట్ డిఫ్ ఇచ్చే రూపం ఉన్నదున్నట్టు సరిపోతుంది. ఫైళ్లు ఎక్కువైతే పేర్ల ముందు 01, 02 అని తగిలించు, ఆ వరసలోనే పడతాయి.

ఇక అసలు సంగతి. డైరెక్టరీ పేరులో వెర్షన్ రాయాలా వద్దా అని అడిగావు. చాలామంది రాయమంటారు, నేను మాత్రం వద్దంటాను. వెర్షన్ రాస్తే, ప్యాకేజీ పైకి మారిన రోజున నీ ప్యాచ్ పడదు, పడలేదని ఎవరూ చెప్పరు. బిల్డ్ హాయిగా పూర్తవుతుంది, నువ్వు సరిచేసిన బగ్ తిరిగొస్తుంది. వెర్షన్ లేకుండా పెడితే, అతకని ప్యాచ్ దగ్గరే బిల్డ్ ఆగిపోతుంది. ఆగితేనే మనకి తెలుస్తుంది. ఏదో ఒక్క వెర్షన్‌కి మాత్రం ప్యాచ్ వద్దనుకుంటే, ఆ వెర్షన్ పేరుతో డైరెక్టరీ చేసి అందులో ప్యాచ్ పేరుతోనే ఖాళీ ఫైలు పెట్టు, ఆ వెర్షన్‌కి అది రద్దవుతుంది.

ఆగకుండా తప్పుగా అతికే ప్యాచ్ ఇంకా ప్రమాదం. చుట్టుపక్కల లైన్లు కాస్త మారినా ప్యాచ్ కమాండ్ సర్దుకుని వేసేస్తుంది. బిల్డ్ లాగ్‌లో ఫజ్ (అలా సర్దుకుందని చెప్పే మాట) కనబడిందంటే, అది సరైన చోటే పడిందో లేదో సోర్సు తెరిచి చూడు. కొత్త సోర్సు మీద ప్యాచ్ మళ్లీ తీసి పెట్టుకోవడం మంచిది.

పరీక్షించడానికి మొత్తం కంపైల్ చెయ్యకు. ఈబిల్డ్ కమాండ్‌తో క్లీన్, ప్రిపేర్ వరకు నడిపితే చాలు, పడిందో లేదో తేలిపోతుంది. ఫైలు పెట్టినంత మాత్రాన పోర్టేజ్ తనంతట తాను రీబిల్డ్ చెయ్యదు. పోర్టేజ్‌తో ప్యాకేజీ బిల్డ్ చేసే ఎమర్జ్ కమాండ్‌ని వన్‌షాట్ ఆప్షన్‌తో నువ్వే కొట్టాలి. బైనరీ ప్యాకేజీలు, అంటే ముందే కంపైల్ చేసి పెట్టినవి, వాడుతున్నావేమో చూసుకో. జెంటూ వాళ్లు 2023 డిసెంబరు నుంచి విరివిగా ఇస్తున్నారు, సులువే. కానీ వాటిలో నీ ప్యాచ్ ఉండదు. ఆ ప్యాకేజీని బైనరీల నుంచి మినహాయించు.

కాన్ఫిగర్ డాట్ ఏసీ లాంటి ఫైళ్ల జోలికి పోయే ప్యాచ్ అయితే, వాటి నుంచి బిల్డ్ స్క్రిప్టులు తయారుచేసే ఆటోటూల్స్ మళ్లీ నడవాలి, అన్ని ఈబిల్డ్‌లూ నడపవు. అలాంటిదానికే ఓవర్లే.

ప్రతి ప్యాచ్ పైన, డిఫ్ మొదలయ్యే ముందు, ఎందుకు వేశావో, ఎక్కడ నుంచి తెచ్చావో రెండు ముక్కలు రాయి. ప్యాచ్ కమాండ్ ఆ మాటల్ని పట్టించుకోదు. ఆర్నెల్ల తర్వాత తీసెయ్యాలా ఉంచాలా అని చూసుకునేది నువ్వే. నలుగురికీ పనికొచ్చే మార్పైతే అప్‌స్ట్రీమ్‌కి, అంటే ఆ ప్రోగ్రాం అసలు రచయితలకి, పంపు. వాళ్లు కలుపుకున్న వెర్షన్ వచ్చాక నీ ఫైలు తీసెయ్యొచ్చు.

ప్యాకేజీ పేరు, బిల్డ్ లాగ్ పంపు, చూస్తాను.

మామయ్య