చెవి మిషన్ పెట్టుకునే పిల్లవాడు క్లాసులో ఉంటే మామూలు టీచరు ఏ ట్రైనింగ్ తీసుకోవాలి?

"మా రెండో తరగతిలో చెవి మిషన్ పెట్టుకునే బాబు చేరాడు. నేను స్పెషల్ బీఈడీ చేయలేదు. ఎక్కడ, ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు మీరు. ఏడేళ్ల క్రితం సరిగ్గా ఇదే టెన్షన్ నాది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎస్‌జీటీని.

ముందు మండల కేంద్రంలో మూడు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయని, రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే ఒక పేరు, 70 నుంచి ఆపైన అయితే మరో పేరు అని నోట్సు రాసుకున్నాను. అందులో తప్పేమీ లేదు. కానీ సోమవారం క్లాసులో అడుగుపెట్టాక ఆ నోట్సు నాకు ఎందుకూ పనికిరాలేదు. తోచిందల్లా గట్టిగా అరవడమే. అరిస్తే ఆ, ఈ లాంటి అచ్చులు పెరుగుతాయి గానీ స, ష, చ అంతగా పెరగవు. పైగా నోరు వంకర్లు పోయి, పెదాలు చూసి అర్థం చేసుకునే అవకాశమూ పోతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది.

నాకు నిజంగా పని నేర్పింది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే రిసోర్స్ టీచరు, అంటే ఐఈఆర్‌పీ మేడమ్. ఒకరోజు వచ్చి వెనక బెంచీలో నలభై నిమిషాలు కూర్చున్నారు, పిల్లవాడిని కాదు, నన్ను చూస్తూ. బెల్లు కొట్టాక అన్నారు: "సార్, మీరు వాక్యం చివర మింగేస్తున్నారు."

నాకు వెంటనే ఎక్కలేదు. మన తెలుగులో అసలు సంగతంతా చివర్లోనే కదా ఉండేది. రాయండి, రాయకండి, రాశారా, రాయలేదా, అన్నీ తోకలోనే తేడా. గొంతు తగ్గేదీ అక్కడే. అంతకు ముందు వారమే "పుస్తకాలు తీయొద్దు" అంటే వాడు పుస్తకం తీశాడని మొండివాడు అని తిట్టాను. వాడికి అందింది "పుస్తకాలు తీ" వరకే. ఆ తిట్టు ఇప్పటికీ గుర్తొస్తుంది.

డిక్టేషన్‌లో పాట, బాట, మాట చెబితే మూడుసార్లూ "పాట" అనే రాసేవాడు. మేడమ్ నా చేతికి అద్దం ఇచ్చి, శబ్దం బయటికి రాకుండా ఆ మూడు మాటలూ పలకమన్నారు. పెదాల మీద మూడూ ఒక్కటే! అప్పటి నుంచి విడి మాటలు మానేసి "పాట పాడు", "మాట విను" అని వాక్యంలో పెట్టి చెప్పాను. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం, కిటికీకి వీపు పెట్టి నిలబడటం కూడా మానుకోమన్నారు. వెనక నుంచి వెలుతురొస్తే మన ముఖం నల్లగా కనిపిస్తుంది. బోర్డు అలవాటు మానడానికి నాకు ఏడాది పట్టింది.

మిషన్ పెట్టుకున్నాడంటే వినిపిస్తున్నట్టే అనుకోకండి. రోజూ ప్రార్థన అయ్యాక వాడి వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ మామూలు గొంతుతో ఒక్కొక్కటీ పలకండి, వాడు తిరిగి అనాలి. లింగ్ టెస్ట్ అంటారు దీన్ని, నిమిషం కూడా పట్టదు. ఒకరోజు దేనికీ పలకలేదు. చూస్తే సెల్ అయిపోయింది. కొత్త సెల్ మీది స్టిక్కర్ తీయగానే గాలి తగిలి పని మొదలవుతుంది, మళ్లీ అతికించినా ఆగదు. అందుకే ముందే తీసి పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. మిషన్ కూత పెడుతుంటే చెవి పెరిగి, చెవిలో పెట్టే మోల్డ్ వదులైందేమో చూపించాలి. వాళ్లమ్మ పాడైందనుకుని నెలపాటు బీరువాలో పెట్టింది.

వినికిడి బాగానే ఉండి మాట రాని పిల్లల గురించి ఎవరూ చెప్పరు. మా తండా నుంచి వచ్చే ఒక పాప తెలుగులో రెండు మాటలు కలపలేకపోయేది. ఇంట్లో లంబాడీ కదా, అందుకే అనుకున్నాను. మేడమ్ మాత్రం "ఇంటి భాషలో ఎలా మాట్లాడుతుందో నాయనమ్మని అడగండి" అన్నారు. ఇంట్లోనూ అంతేనట. ఇంటి భాష గలగలా వస్తే అది తెలుగు కొత్త కావడమే, నేర్పాల్సింది మనమే. రెండింట్లోనూ తడబడితే స్పీచ్ థెరపిస్టుకి చూపించాలి.

ఇక ట్రైనింగ్ సంగతి. మీ ఎంఈఓ ఆఫీసులో భవిత కేంద్రం గురించి అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షలకూ, కోర్సుల వివరాలకూ అక్కడ కనుక్కోవచ్చు. స్పెషల్ బీఈడీ రిసోర్స్ టీచర్లకు, మీకు ఇప్పుడు అవసరం లేదు. చేయాలనుకుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. బాబు సైగలు వాడితే మీరూ నేర్చుకోండి, ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ వాళ్ల సైగల నిఘంటువు వీడియోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సైగలు నేర్పితే మాట రాదని భయపెట్టేవాళ్లు ఉంటారు. నేనూ ఆ మాట నమ్మి ఏడాది పోగొట్టాను.

ఎక్కడికి వెళ్లినా "ఒక్కసారి మా క్లాసుకి వచ్చి కూర్చోండి" అని అడగండి, మొహమాటపడకండి. ఈలోగా ఫోన్‌ని చివరి బెంచీ మీద పెట్టి, మీ పాఠం పది నిమిషాలు రికార్డ్ చేసి వినండి. నాది విన్నప్పుడు సగం వాక్యాలకు క్రియే లేదు.