పాలు చేపాలి, లాగితే రావు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఒంగోలు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పాపకి ఐదు నెలలు దాటాయి. డ్యూటీలో చేరి మూడు వారాలైంది. ఆన్‌లైన్‌లో తల్లిపాలు తీసే కరెంటు పంపు కొన్నాను. మధ్యాహ్నం స్టోర్ రూములో పాత కంప్యూటర్ల మధ్య కూర్చుని పాలు తీస్తున్నాను. పంపులో తొమ్మిది నంబర్లుంటే, ఎనిమిదిలో పెడితేగానీ రావడం లేదు. అరగంట కూర్చున్నా రెండు వైపులా కలిపి 40 మి.లీ. దాటవు. తీసేసరికి చనుమొన తెల్లగా పాలిపోయి, సాయంత్రం దాకా ఒకటే మంట. ఇంటికెళ్ళాక పాప నోరు పెడితే ప్రాణం పోతోంది. మా అత్తయ్య ‘పాలు ఇంకిపోయాయి, డబ్బా పాలు పట్టు’ అంటున్నారు. పంపు బ్యాగు చూస్తేనే టెన్షన్. ఇంత నొప్పి మామూలేనా?

జవాబు: మామూలు కాదమ్మాయ్. నా కూతురి వయసుదానివి కనుక నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నేను కాన్పుల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. అయినా నా పెద్దవాడు నెల తక్కువగా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నువ్వు చేస్తున్న తప్పే చేశాను. అప్పట్లో గాజు పంపు ఉండేది, వెనక సైకిల్ హారన్ లాంటి రబ్బరు బుడ్డి. ‘గట్టిగా నొక్కితే వస్తాయి’ అన్నారు. నొక్కాను. మూడో రోజుకి గాజులో పాలు లేత గులాబీ రంగులో దిగాయి. చనుమొన చిట్లి రక్తం కలిసింది. ఏడుస్తూ కూర్చుంటే మా ఆయా ఒకామె వచ్చి ‘ఆవునైనా దూడని చూపించి చేపిస్తారు కదమ్మా, నిన్నెవరు చేపించారు?’ అంది. వాడికి చుట్టిన గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, చేత్తో పిండడం నేర్పింది. చదువుకున్నది నేను, విషయం తెలిసింది ఆమెకి.

కిటుకంతా ఆ ‘చేపడం’లోనే ఉంది. బిడ్డ చీకినా, బిడ్డ వాసన తగిలినా తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను వస్తుంది. అది రొమ్ములోని పాలతిత్తులను నొక్కితే పాలు మొనకు దిగుతాయి. భయం, నొప్పి, తలుపు ఎవరు తోస్తారోనన్న కంగారు ఉంటే ఆ హార్మోను వెనక్కి తగ్గుతుంది. అప్పుడు పంపు ఎనిమిదిలో పెట్టినా లాగేది చర్మాన్నే, పాలను కాదు.

కాబట్టి రేపు ఇలా చేసి చూడు. పంపు పెట్టేముందు గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలు వేసుకుని, అరచేత్తో మెల్లగా నిమురు. పాప నిన్న తొడుక్కున్న చొక్కా ఒకటి, ఉతక్కుండా, బ్యాగులో పెట్టుకెళ్ళు. ఫోనులో పాప వీడియో పెట్టుకో. సీసా వైపు మాత్రం చూడకు. ఎన్ని చుక్కలు పడ్డాయా అని లెక్కపెట్టేవాళ్ళకి తొందరగా చేపదు, దానికి గుడ్డ కప్పేయ్. పంపు మొదట తక్కువ నంబరులో, గబగబా లాగే పద్ధతిలో నడవాలి. పాలు కారడం మొదలయ్యాక నెమ్మదిగా లాగే పద్ధతికి మార్చు. నంబరు ఒక్కొక్కటే పెంచు. ఇబ్బంది అనిపించిన చోట ఆగి ఒక నంబరు తగ్గించు. అదే నీ నంబరు. అది మూడే కావచ్చు, సిగ్గేం లేదు. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. అరగంట కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు అనుమానం. రొమ్ముకి ఆనించే ఆ పంపు గరాటు నీకు సరిపోతోందా? చాలా పెట్టెల్లో 24 మి.మీ.ది ఇస్తారు, అందరూ అదే వాడేస్తారు. పిల్లల స్కేలు తీసుకుని, పాలు తీయకముందు చనుమొన మొదలు దగ్గర వెడల్పు కొలువు. చుట్టూ ఉన్న నల్లటి వలయం లెక్కలోకి రాదు. వచ్చిన కొలత మీద ఒకటి రెండు, మహా అయితే మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్న గరాటు కావాలి. 16 వస్తే 17 గానీ 19 గానీ. అంతకంటే పెద్దదైతే నల్లటి వలయం కూడా గరాటు గొట్టంలోకి పోయి వాస్తుంది. చిన్నదైతే మొన అంచులకు రాసుకుని తెల్లబడుతుంది. కొత్త పంపు కొనక్కర్లేదు, లోపల తొడిగే సిలికాన్ ముక్కలు విడిగా దొరుకుతాయి. గరాటు లోపలి అంచుకి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే ఒరిపిడి తగ్గుతుంది.

ఆఫీసులో ఏసీ గట్టిగా ఉంటుందా? పంపు తీయగానే చల్లగాలి తగిలితే మొనలో రక్తనాళాలు ముడుచుకుని తెల్లబడి, మండుతుంది. వెంటనే వెచ్చటి అరచేయి అదిమి పెట్టుకుని పైట కప్పుకో. గరాటు మార్చి వెచ్చగా ఉంచినా వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించు. రొమ్ము ఒకచోట ఎర్రబడి, చలి జ్వరం వస్తే వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్ళు. పాలగడ్డని గట్టిగా పిసికించుకోవద్దు, వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసుకుని, పాప తాగినంత తాగనివ్వు.

అత్తయ్యగారితో చెప్పు, పంపులో పడ్డది పాల కొలత కాదు. పంపుకి చేపని రొమ్ము బిడ్డకి చేపుతుంది. పాప రోజుకి ఆరేడుసార్లు ఒంటేలు పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు ఇంకలేదు. నువ్వు ఇంట్లో లేని ఒక్కో గంటకి సుమారు 30 నుంచి 40 మి.లీ. లెక్కన ఉంచితే సరిపోతుంది. దానికి ఆఫీసులో ఒక్కసారి చాలదు, రెండుసార్లు తీయాలి. పది మంది, అంతకుమించి పనిచేసే చోట బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు నర్సింగ్ బ్రేకులు, అంటే బిడ్డ పాల కోసం విరామాలు, చట్టం ఇచ్చిన హక్కు. ముందు 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉండేది, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. మేనేజర్ని బతిమాలక్కర్లేదు. లోపలి గడియ ఉన్న గది మాత్రం అడుగు. గడియ ఉంటే సగం టెన్షన్ పోతుంది.

పాలు మామూలు గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు, కానీ అది 25 డిగ్రీల మాట. ఒంగోలు ఎండల్లో తీయగానే ఐసు ప్యాక్ ఉన్న సంచిలో పెట్టేయ్.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నంద్యాల. మా అమ్మాయి పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్ళింది. మధ్యాహ్నం చూస్తే కింద నీళ్ళలా, పైన మీగడలా ఉన్నాయి. విరిగాయనుకుని పారబోశాను. సాయంత్రం వచ్చి ఒకటే ఏడుపు. తప్పు చేశానా?

జవాబు: విరగలేదండీ, వెన్న పైకి తేలింది అంతే. సీసాని గుండ్రంగా మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెడితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే అప్పుడు పారబోయండి, ఎవరూ ఏడవరు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటాయి. సీసా మీద తేదీ, టైము రాయమనండి. ఫ్రిజ్ తలుపు అరలో మాత్రం పెట్టకండి, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. లోపల, వెనక వైపు పెట్టండి. తలుపు అరలో మీ చింతకాయ పచ్చడి పెట్టుకోండి.