పెద్దవాళ్లతో పోర్ట్ బ్లెయిర్ వెళ్తే ఊరు వదలకండి

మీరు అడిగింది: మహబూబ్‌నగర్ నుంచి అరవై దాటిన అమ్మానాన్నలను అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లాలి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఐదు రోజులు సరిపోతాయా, ఏవి చూపించాలి, ఏవి వదిలేయాలి అని. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. రెండేళ్ల కింద ఫిబ్రవరిలో మా అమ్మను తీసుకెళ్లాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. నడుము వంగదు, కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి పట్టి లేపాలి. అప్పటిదాకా సముద్రం చూడలేదు. అందుకే మీ ప్రశ్న చూడగానే రాస్తున్నాను.

ఐదు రోజులు చాలు. కాకపోతే అందులో కనీసం నాలుగు రోజులు ఊళ్లోనే ఉండండి. చాలామంది పోర్ట్ బ్లెయిర్‌ను బస్టాండులాగా వాడుకుంటారు. ఫ్లైట్ దిగడం, హేవ్‌లాక్ దీవికి పడవ ఎక్కడం. వయసులో ఉన్నవాళ్లకు అది సరే. పెద్దవాళ్లకు మాత్రం అడవి, బీచ్, జైలు అన్నీ కారులో గంటలోపు దొరికే ఆ ఊరే మేలు.

మా ట్రావెల్ ఏజెంట్ ఈ మాట చెప్పలేదు. రెండో రోజే బారాటంగ్ దీవి పెట్టాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి బయల్దేరాలి, ఎందుకంటే జిర్కాటంగ్ చెక్‌పోస్ట్ దగ్గర వాహనాలన్నీ ఆగి కాన్వాయ్‌గా కదులుతాయి. దారి జారవాలనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. అక్కడ బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఎవరికీ తినడానికి ఇవ్వకూడదు. ఆ రూల్ నూటికి నూరుపాళ్లు న్యాయమైనది, వాళ్ల ఇల్లు అది. ఆ పైన బల్లకట్టు, తర్వాత మడ అడవుల మధ్య చిన్న పడవ, ఆ తర్వాత సున్నపురాయి గుహల దాకా కిలోమీటరుకు పైగా నడక. అమ్మ పడవ దగ్గరే ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి ఆమె కాళ్లు వాచిపోయాయి, మర్నాడంతా మంచం దిగలేదు. మీ అమ్మగారికి బారాటంగ్ వద్దే వద్దు.

దాని బదులు చిడియా టాపు వెళ్లండి. ఊరి నుంచి 25 కిలోమీటర్లు, కారు దాదాపు ఒడ్డు దాకా పోతుంది. అక్కడ అడవి సముద్రం దగ్గరికి వచ్చి ఆగుతుంది. మన దిక్కు చెట్టంటే తుమ్మ, వేప, తాటి. అక్కడి మాను మొదట్లో వేర్లు గోడల్లా లేచి ఉంటాయి, వాటి మధ్య మనిషి నిలబడొచ్చు. అమ్మ ఒక వేరు మీద అరచెయ్యి ఆనించి, పశువు వీపు నిమిరినట్టు నిమురుతూ చాలాసేపు ఉండిపోయింది. మన దగ్గర ఏడాదికి 700 మిల్లీమీటర్ల చిల్లర వాన పడితే అక్కడ 3,000 దాకా పడుతుంది. అడవి అంత దట్టంగా పెరగడానికి ఆ వానే కారణం.

సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికే అక్కడ ఉండాలి. దీవులు బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. డిసెంబర్‌లో ఐదింటికే పొద్దు గూకుతుంది. పొద్దున ఆరింటికి బయటపడి, మధ్యాహ్నం పడుకోబెట్టి, మూడింటికి మళ్లీ తీయండి. మేం మూడో రోజు నుంచి అలాగే చేశాం, అమ్మ హాయిగా తిరిగింది.

సెల్యులర్ జైలు తప్పనిసరి. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టారు. ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. పైకి మెట్లెక్కించకండి, కింది గదులు చూస్తే చాలు. అమ్మ ఒక గదిలోకి వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడి, ఎత్తున ఉన్న ఆ చిన్న కిటికీ వైపు చూసి, "దీంట్ల పొద్దు ఎట్ల తెలుస్తది బిడ్డా" అంది. ఆమెకు మన హైదరాబాద్ సంగతి చెప్పాను. 1857 జులైలో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపారు. అప్పటికి ఈ జైలు కట్టనే లేదు. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఈ మాట అక్కడ నిలబడి చెప్పండి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకు ముందే టికెట్ తీసుకోండి.

రాస్ ఐలాండ్‌కు పడవలో కాసేపే. అక్కడ బ్యాటరీ బండ్లు ఉంటాయి, నడవలేనివాళ్లకు ఇబ్బంది లేదు. చాథమ్ రంపపు మిల్లు, కార్బిన్స్ కోవ్ బీచ్ ఒక్క పూటలో అయిపోతాయి. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలు లోతు కూడా దిగనివ్వకండి.

భాషకు టెన్షన్ వద్దు. హిందీ అందరికీ వస్తుంది, తెలుగువాళ్లు కూడా బాగా ఉన్నారు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. అబర్దీన్ బజార్ దగ్గర మేం రోజూ టిఫిన్ తిన్న కొట్టు శ్రీకాకుళం ఆవిడది. కొట్టు పక్కన నీలం డ్రమ్ములు వరసగా పెట్టి ఉన్నాయి. అమ్మ కళ్లు ముందు వాటి మీదే పడ్డాయి. "సుట్టూ గింత సముద్రం, గిన్ని వానలు, మీకు గూడ నీళ్ల తిప్పలేనా అమ్మా?" అని అడిగింది. ఊరికి నీళ్లిచ్చేది ధనిఖారి డ్యామ్, ఎండాకాలం అది అడుగంటితే నల్లా రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుందని ఆవిడ చెప్పింది. అమ్మ తన మోకాళ్లు చూపించి మా ఊరి బోరు నీళ్ల కథ, మిషన్ భగీరథ నల్లా వచ్చిన కథ చెప్పింది. ఇడ్లీ చల్లారిపోయినా ఇద్దరూ లేవలేదు. ఐదు రోజుల్లో అమ్మ అంత సేపు మాట్లాడింది అక్కడే.

కాబట్టి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. మార్చి, ఏప్రిల్‌లో ఊరికి నీళ్ల కొరత, మే మధ్య దాటితే వాన, పడవలు రద్దవుతాయి. ఓడ మాట మర్చిపోండి, వైజాగ్ నుంచైనా చెన్నై నుంచైనా రెండు మూడు రోజుల ప్రయాణం. శంషాబాద్ నుంచి ఫ్లైటే ఎక్కండి. 2024 సెప్టెంబర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ అధికారిక పేరు శ్రీ విజయపురం, ఎక్కడైనా ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

గవ్వలు, పగడపు రాళ్లు ఏరుకు రాకూడదని అమ్మానాన్నలకు ముందే చెప్పండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. నేను చెప్పేసరికే అమ్మ కొంగు నిండా ఏరింది. ఒక్కొక్కటీ తీసి మళ్లీ ఇసుకలో పెట్టి వచ్చింది, విసిరేయలేదు.