పల్స్ వేవ్ 16.4 వచ్చింది, గుండెలో బ్లాక్ ఉన్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 61 ఏళ్లు, మాది గుంటూరు, బీపీకి పదేళ్లుగా ఒకటే మాత్ర వాడుతున్నా, షుగర్ లేదు. మొన్న మాస్టర్ చెకప్‌లో రెండు చేతులకీ రెండు కాళ్లకీ పట్టీలు చుట్టి ఏదో టెస్ట్ చేశారు, పల్స్ వేవ్ వెలాసిటీ సెకనుకి 16.4 మీటర్లు, రక్తనాళాల వయసు 68 అని రిపోర్ట్ ఇచ్చారు. అప్పుడు బీపీ 152/70. నెట్‌లో చూస్తే 10 దాటితే డేంజర్ అని ఉంది, మా అబ్బాయేమో సీటీ యాంజియో, అదే గుండె నాళాల స్కాన్, చేయించుకో నాన్నా అని ఒకటే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 10 మీ టెస్టుది కాదండీ. మెడ దగ్గరా గజ్జల దగ్గరా నాడి పట్టి కొలిచే పద్ధతికి 2012లో నిపుణులు పెట్టిన లెక్క అది. మీకు చేసింది చేతి నుంచి చీలమండ దాకా కొలిచేది, జపాన్‌లో బాగా వాడతారు, ఇందులో కాళ్ల నాళాలు కూడా కలుస్తాయి కాబట్టి నంబరు ఎక్కువే వస్తుంది, దీనికి 18 దాటితే రిస్క్ ఎక్కువ అంటారు. పైగా బీపీ ఎక్కువున్నప్పుడు కొలిస్తే స్పీడు కూడా పెరుగుతుంది. ఇక ఆ 68 ఏళ్లంటారా, మెషిన్ తన టేబుల్ చూసి వేసిన అంచనా, నేనైతే దానికి పెద్ద విలువ ఇవ్వను.

పల్స్ వేవ్ అంటే గుండె కొట్టినప్పుడల్లా పుట్టే అల, అది నాళం గోడ సాగేలా ఉంటే మెల్లగా పోతుంది, గట్టిపడితే పరిగెడుతుంది. గోడ గట్టిపడటం వేరు, లోపల కొవ్వు పేరుకుని దారి మూసుకోవడం వేరు. నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం లాంటివి లేకపోతే ఈ ఒక్క నంబరు చూసి సీటీకి వెళ్లక్కర్లేదు. అదే కాగితంలో ఏబీఐ అని ఉంటుంది చూడండి, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నంబరు అది, 0.9 కన్నా తక్కువుంటే మాత్రం కాళ్ల నాళాల్లో అడ్డుందేమో చూపించుకోవాలి.

నాకు కంగారు పెట్టింది మీ 152/70. పైదానికీ కిందదానికీ తేడా 82, మామూలుగా 40 చుట్టుపక్కల ఉండాలి, నాళాలు బిరుసెక్కాయని ఏ మెషినూ లేకుండానే తెలిసిపోతోంది కదా. ఒక వారం పొద్దున సాయంత్రం ఇంట్లో బీపీ చూసి రాసుకుని మీ డాక్టర్‌కి చూపించండి, మందు మార్చాల్సి రావొచ్చు, మీరే డోసు పెంచుకోకండి. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి, సిగరెట్ ఉంటే మానేయండి. మళ్లీ ఈ టెస్ట్ ఏటా అక్కర్లేదు, ఆ డబ్బులతో జబ్బకి కట్టే బీపీ మెషిన్ కొనుక్కోండి, మణికట్టుకి పెట్టేది వద్దు.