తీసేసింది వైఫై ఒక్కటేనా?

రాజమహేంద్రవరం నుంచి 47 ఏళ్ల ఉద్యోగి ఒకరు ఇలా రాశారు: "ఏడు నెలల క్రితం మా ఇంట్లో వైఫై తీయించేశాను. నా గదిలోని కంప్యూటరుకు మాత్రం కేబుల్ కనెక్షన్ ఉంచుకున్నాను. సాయంత్రం ఏడు దాటితే అందరి ఫోన్లూ బీరువాలోకి వెళతాయి. నాకు నిద్ర పడుతోంది, పిల్లలు అన్నం దగ్గర కబుర్లు చెబుతున్నారు. 73 ఏళ్ల మా అమ్మ మాత్రం ముభావంగా ఉంటోంది. అంతకుముందు రోజూ ఉదయం ఏడింటికి ట్యాబ్‌లో న్యూజెర్సీలోని మా అక్కతో గంటసేపు మాట్లాడేది. మూడేళ్ల క్రితం నాన్న పోయాక, ఆయన కట్టిన ఇంట్లో అక్క వాటా అడగడంతో మాటా మాటా పెరిగి, మా ఇద్దరికీ మాటల్లేవు. నా గదికి వచ్చి కంప్యూటర్లో మాట్లాడుకోమంటే అమ్మ రాదు. మామూలు ఫోన్లో వినపడదంటుంది. రేడియో తరంగాలతో ముప్పని 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కదా, ఈ సంగతి అమ్మకు ఎలా నచ్చజెప్పాలి?"

మీ ప్రశ్నకు నా జవాబు చిన్నది: నచ్చజెప్పనక్కరలేదు. ఆవిడకు అర్థం కావలసినదంతా ఎప్పుడో అర్థమైంది.

అయినా తరంగాల మాట ఎత్తారు కనుక అదేదో ముందు తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కారకం కావచ్చునేమో అన్న అనుమానపు జాబితాలో చేర్చిన మాట నిజమే. ఆసియా దేశాల్లో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలకు కూడా ఆ జాబితాలో చోటుంది, అలాగని మీరు ఇంట్లో జాడీలు పారబోయలేదు కదా. ఇంటి రౌటరు వెదజల్లే శక్తి సాధారణంగా ఒక వాట్‌లో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, దూరం రెట్టింపయితే దాని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా సిగ్నల్ సరిగా అందని చోట సెల్‌ఫోన్ టవరును అందుకోవడానికి తన శక్తిని పెంచుకుంటుంది కాబట్టి, వైఫై తీసేసి పగలంతా మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే ఇంట్లో చేతిలోని ఫోను నుంచి వచ్చే తరంగాలు పెరిగినా పెరగవచ్చు. మీకు నిద్ర పడుతున్నది ఫోన్లు బీరువాలోకి వెళ్లినందువల్ల. రౌటరు అటకెక్కినందువల్ల కాదు.

ఆ ఫోన్ల నియమం మాత్రం మంచిదే, దాన్ని వదులుకోవద్దు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊళ్లో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే గంటన్నర సేపు ఇంటింటా టీవీలూ ఫోన్లూ కట్టేసే ఏర్పాటు చేసుకున్నారు. అయితే ఆ ఊరి వాళ్లు గ్రామసభలో కూర్చుని, కాదన్నవాళ్లకు సర్దిచెప్పి ఆ తీర్మానం చేసుకున్నారు. మీ ఇంట్లో సభ జరిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. "తీయించేశాను", "ఉంచుకున్నాను" అన్న మాటలే ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ నిద్రా, పిల్లల కబుర్లూ సాయంత్రం వేళకు సంబంధించినవి. మీ అమ్మగారు మాట్లాడేది ఉదయం ఏడింటికి, అంటే మీ నియమం ఊసే లేని వేళలో. అప్పుడు న్యూజెర్సీలో వేసవి అయితే రాత్రి తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర అవుతుంది. ఉద్యోగమూ వంటా ముగించుకున్న కూతురికి తల్లితో తీరిగ్గా మాట్లాడటానికి దొరికేది ఆ గంటే. చెవి మందగించినవాళ్లు ఎదుటివారి పెదవుల కదలిక చూసి సగం మాట పట్టుకుంటారు కనుక ఆవిడకు ట్యాబ్ తెర కాలక్షేపం కాదు, అవసరం. మీ గదికి వచ్చి మాట్లాడుకోమనడం ఉదారంగా కనిపిస్తుంది గాని, మాటల్లేని కొడుకు చెవిన పడేలా కూతురితో ఏ తల్లి మనసు విప్పుతుంది? అటు కూతురైనా "అమ్మా, సరిగా తింటున్నావా?" అని అడగగలదా?

మీరు కావాలని చేశారని నేను అనను. కానీ అక్క గొంతు రోజూ పొద్దున్నే మీ ఇంట్లో వినిపించడం మీకు ముల్లులా ఉండేదనీ, వైఫైతో పాటు ఆ గొంతూ పోయినందుకు మీకు కొంత హాయి కలిగిందనీ నాకు అనిపిస్తోంది. మీకు దక్కిన ప్రశాంతతలో ఈ హాయి పాలు ఎంతో మీరే చూసుకోండి.

వాటా సంగతి కూడా చెప్పక తప్పదు. అది మీ నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకుండా ఆయన పోయి ఉంటే, అప్పటికి మీ నాయనమ్మ కూడా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కొడుకుకూ కూతురికీ తలా ఒక మూడో వంతు వస్తుంది. మీ అక్క అడిగింది దయాధర్మం కాదు. అంతకన్నా ముఖ్యంగా, మూడో వంతు మీ అమ్మగారిది. ఆవిడ మీ పంచన పడి ఉన్న మనిషి కాదు. తన ఇంట్లో తన కూతురితో మాట్లాడటానికి మీ అనుమతి అడగవలసిన స్థితిలో ఆవిడను నిలబెట్టారు, ఆ అనుమతి అడగనందుకు నేను ఆవిడను గౌరవిస్తున్నాను. తల్లిని చూసుకోవడమంటే వేళకు అన్నం, మందులు అందించడమే అనుకునే కొడుకులను నేను చాలామందిని చూశాను, వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు.

వైఫై మళ్లీ పెట్టించాలా అంటే నాకు పట్టింపు లేదు. కేబులే ముద్దనుకుంటే పదిహేను మీటర్ల తీగ, ఒక పాత ల్యాప్‌టాప్ మీ అమ్మగారి మంచం దగ్గరికి చేర్చండి, ఆ గంటసేపు గది తలుపు దగ్గరగా వేసి మీరు గోదావరి గట్టుకు నడకకు వెళ్లండి. తర్వాత ఒక ఆదివారం, అమ్మగారి ప్రమేయం లేకుండా, మీ అక్కకు మీరే ఫోన్ చేయండి. ఇంటి మాట ఆ రోజు ఎత్తవద్దు. మూడేళ్లయింది కనుక మొదటి రెండు నిమిషాలూ ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది, ఫోన్ పెట్టేయకండి.