కర్ణుడు హీరోనా, వీరుడా, నాయకుడా?

సందేహం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తెలుగు పరీక్షలో 'మహాభారతంలో కర్ణుడే హీరో' అని రాసింది. మాస్టారు 'హీరో' కొట్టేసి ఎర్ర ఇంకుతో 'వీరుడు' అని దిద్ది, అర మార్కు తగ్గించారు. ఇంటికొచ్చాక మా మావగారు 'వీరుడు కాదు, నాయకుడు అనాలి' అన్నారు. అర మార్కు పోయిందని పిల్ల ఒకటే ఏడుపు. అసలు హీరోకి తెలుగులో సరైన మాట ఏది?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత అలమరలోంచి పుస్తకాలు దించాల్సొచ్చింది. మీ ఇంట్లో మూడు మాటలు వచ్చాయి, మూడింటికీ అర్థాలు వేరు. మాస్టారు మాటని దిద్దాననుకున్నారు గాని, ఆ దెబ్బతో వాక్యం అర్థమే మారిపోయింది. 'కర్ణుడే హీరో' అంటే ఈ కథలో మనసు లాగేవాడు అతనే అని పాప ఉద్దేశం. 'కర్ణుడే వీరుడు' అంటే మిగతావాళ్లెవరూ వీరులు కారని! ఆ 'ఏ'కారం ఊరుకోదు కదా. కురుక్షేత్రంలో ఇటు 7, అటు 11, మొత్తం 18 అక్షౌహిణుల సైన్యం. అంతమందిలో వీరులకేం కొదవ?

వీరుడన్నది గుణాన్ని బట్టి వచ్చే పేరు. ఆ గుణం కండబలమే అనుకుంటాం గాని, మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, వీరరసానికి స్థాయిభావం (రసానికి పునాదిగా నిలిచే భావం) ఉత్సాహం అన్నారు. క్రోధాన్ని రౌద్రరసానికి ఇచ్చేశారు. కోపంతో ఊగిపోయేవాణ్ణి వీరుడనడం మన సినిమాలు వచ్చాక పట్టుకున్న అలవాటు. ఉత్సాహమే ప్రాణం కాబట్టి యుద్ధవీరుడితో పాటు దానవీరుడు, ధర్మవీరుడు, దయావీరుడు కూడా ఉన్నారు. కర్ణుడి పేరు ముందు 'దానవీర' ఊరికే చేరలేదు. అడగడానికి వచ్చేది ఇంద్రుడని సూర్యుడు కలలో కనబడి ముందే చెప్పాడు. అయినా కవచకుండలాలు ఒలిచి ఇచ్చాడు. (బదులుగా శక్తి ఆయుధం పుచ్చుకున్నాడనుకోండి, అది వేరే లెక్క.) యుద్ధవీరుడిగా మాత్రం అతని పేరు మీద పేచీ ఉంది. ఉద్యోగపర్వంలో భీష్ముడు రథులెవరు, అతిరథులెవరు అని ఎంచుతూ కర్ణుణ్ణి అర్ధరథుడు అనేశాడు. అంటే సగం లెక్క. మీ అమ్మాయి అర మార్కుకే ఏడ్చింది. కర్ణుడైతే భీష్ముడు పడిపోయేదాకా యుద్ధానికే రానన్నాడు.

ఇక మీ మావగారి మాట. నాయకుడు, నేత, నీతి, వినయం, అభినయం, చివరికి కన్ను అనే అర్థంలో నేత్రం, అన్నీ ఒకే ధాతువు పిల్లలు. 'నీ' అంటే తీసుకుపోవడం. కథని చివరిదాకా, దాని ఫలందాకా తీసుకుపోయేవాడు నాయకుడు. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకం అనే నాటకశాస్త్ర గ్రంథంలో దీన్ని ఇంకా బిగించాడు. ఫలం మీద స్వామ్యం ఎవరికి ఉంటుందో అతనే అధికారి, అంటే నాయకుడు, అన్నాడు. పంట ఎవరు కోశారన్నది కాదు, గాదె ఎవరిదన్నదే ప్రశ్న. అలా చూస్తే రామాయణంలో రాముడు నాయకుడు. సుగ్రీవుడికీ ఒక కథ ఉంది, అతనికీ రాజ్యం దక్కింది. కాని ఆ కథ రాముడి కథకి తోడు నడిచేది. అందుకని అతను పతాకానాయకుడు. మరి భారతంలో? పదిమందిని అడిగితే అర్జునుడనో భీముడనో అంటారు. దశరూపకానికి వ్యాఖ్య రాసిన ధనికుడు ప్రతినాయకుడికి ఉదాహరణ చెబుతూ రాముడికి రావణుడు, యుధిష్ఠిరుడికి దుర్యోధనుడు అన్నాడు. శాస్త్రం దగ్గరకెళ్తే భారత నాయకుడు ధర్మరాజు! జూదంలో అన్నీ ఒడ్డినవాడు, యుద్ధంలో పెద్దగా బాణాలు వెయ్యనివాడు. అయినా ఫలం అతనిది, ఆ ఫలం చేదుగా ఉందని ఏడ్చిందీ అతనే. తిక్కన విరాటపర్వంలో 'కేవల మర్త్యుడె ధర్మసుతుడు' (ధర్మరాజు వట్టి మనిషేనా?) అన్నది గుర్తు చేసుకుంటే ఈ ఎంపిక అంత వింతగా అనిపించదు.

ప్రతినాయకుణ్ణి విలన్ అనుకోవడం కూడా తొందరపాటే. శత్రువు వంశం, పరాక్రమం, చదువు అన్నీ వర్ణించి, అలాంటివాణ్ణి గెలిచాడని చెప్పి నాయకుడి గొప్ప చాటడం కూడా మనకి నచ్చుతుందని దండి కావ్యాదర్శంలో అంటాడు. రావణుడు వేదం చదివినవాడు కాబట్టే రాముడు గెలిచాడన్న మాటకి బరువు.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే: ధీరుడు. ధీరోదాత్తుడు (గంభీరుడు), ధీరోద్ధతుడు (గర్వం, ఆవేశం ఉన్నవాడు), ధీరలలితుడు (కళాప్రియుడు), ధీరశాంతుడు (శాంతస్వభావం ఉన్నవాడు) అని నాయకులు నాలుగు రకాలు. నాలుగింట్లోనూ మొదటి మాట ధీర. ఉదాత్తుడు కాకపోయినా సరే, ధీరుడు కాకపోతే నాయకుడే కాడు. ధీరుడంటే ధైర్యవంతుడు అంటాం, ధైర్యమంటే భయం లేకపోవడం అంటాం. కాళిదాసు కుమారసంభవంలో చెప్పిన అర్థం వేరు: మనసు చెదరడానికి కారణం ఎదురుగా ఉన్నా చెదరనివాళ్లే ధీరులు. ఈ పాత అర్థం పుస్తకాల్లో మరుగున పడింది గాని మన నోళ్లలో బతికే ఉంది. ఎవరింట్లోనైనా కష్టం వస్తే వెళ్లి 'ధైర్యం చెప్పొచ్చాం' అంటాం. యుద్ధానికి పొమ్మని చెప్పి వచ్చామా? మనసు నిలబెట్టుకోమని చెప్పాం.

వాల్మీకి నారదుణ్ణి అడిగిన పదహారు గుణాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. కోపాన్ని జయించినవాడు కావాలి. యుద్ధంలో అతనికి కోపం వస్తే దేవతలు కూడా భయపడాలి. కోపం ఉండాలి, చేతిలో ఉండాలి. సముద్రుడు దారి ఇవ్వకపోతే రాముడు మూడు రాత్రులు దర్భల మీద పడుకుని ఎదురుచూసి, అప్పుడు విల్లెత్తాడు. అరణ్యంలో సీత కనబడనప్పుడు మాత్రం ఆ పట్టు తప్పింది. లోకాలన్నీ నాశనం చేస్తానన్నాడు, లక్ష్మణుడు ఆపాల్సొచ్చింది. రాముడిలాంటి ధీరోదాత్తుడికి ఇది మచ్చ కాదా అంటే, నా మటుకు నాకు ఆ సర్గలే లేకపోతే రాముడు లక్షణగ్రంథంలో బొమ్మలా మిగిలిపోయేవాడు.

గ్రీకుల ఇలియడ్ మొదటి మాటే కోపం. అఖిలీస్ కోపాన్ని పాడమని కవి దేవతని వేడుకుంటాడు. యుద్ధంలో తన వంతుగా దక్కిన బ్రిసేయిస్ని అగమెమ్నాన్ లాక్కున్నాడని అఖిలీస్ యుద్ధం మానేసి కూర్చుంటాడు, అక్కణ్ణుంచే కథ నడుస్తుంది. మన కొలత పెడితే అతను వీరుడు, ధీరుడు కాడు. అతని ముందు రెండు దారులున్నాయి: ఇంటికెళ్లి చాలాకాలం బతకడం, ఇక్కడే చచ్చి చెరగని కీర్తి పొందడం. 'హీరో' అనే మాట పుట్టింది ఆ గ్రీకు భాషలోనే. అక్కడి లెక్కలో కీర్తి ముందు, ఫలం తర్వాత.

ఆ లెక్క మనకి కొత్తదేమీ కాదు. విజయనగరంలో ఉంటూ బొబ్బిలి కథ వినకుండా పెరిగినవాళ్లు ఎవరున్నారు? 1757 జనవరి 24న కోట పడిపోయింది. కోట రంగారావుది, వంశం అతనిది. శాస్త్రం ప్రకారం నాయకుడు అతనే. కాని జంగం కథ చెబుతుంటే జనం ఎదురుచూసేది తాండ్ర పాపారాయుడు ఎప్పుడొస్తాడా అని. అతను వచ్చేసరికి కాపాడడానికి ఏమీ మిగల్లేదు. కోట మీదకి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరి పగ తీర్చుకున్నాడు, తనూ పోయాడు. ఫలం ఎవరికీ దక్కలేదు. వీరగాథకి ఫలంతో పనిలేదు, వీరుడుంటే చాలు. కావ్యానికి మాత్రం నాయకుడు కావాలి. భారతమనే కావ్యం కడుపులో దాగిన వీరగాథ కర్ణుడిది. అందుకే మనవాళ్లు 'కర్ణుడు లేని భారతం, శొంఠి లేని కషాయం' అన్నారు. చూడండి, శొంఠి అన్నారు గాని కషాయం అనలేదు.

కాబట్టి మీ మావగారికి వినయంగా చెప్పండి, కర్ణుణ్ణి భారత నాయకుడు అనడానికి శాస్త్రం ఒప్పుకోదు. మాస్టారి దిద్దుబాటు వాక్యాన్ని చెడగొట్టింది. 'హీరో' మాటని పరీక్ష పేపర్లో వాడొచ్చా అంటే, వాడొచ్చనే నా అభిప్రాయం. మన వీధుల్లో 'ఏటిరా, హీరోలా బయల్దేరినావు' అని అడుగుతున్నప్పుడు అది తెలుగు కాదని ఎలా అంటాం? కాకపోతే ఆ మాట ఎవరి అభిమానాన్నయినా మోస్తుంది గాని శాస్త్రార్థాన్ని మొయ్యదు. పాప 'నాకు మాత్రం భారతంలో కర్ణుడే హీరో' అని రాసి ఉంటే వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆ 'నాకు మాత్రం' లేనందుకు అర మార్కు ఎక్కువే. నేనైతే పావు తగ్గించేవాణ్ణి.