యాభై దాటాక మళ్లీ పాడవచ్చా? ఆల్బర్టా హంటర్ పాడింది

"మధ్యలో వదిలేసిన సంగీతాన్ని యాభై దాటాక మళ్లీ అందుకున్నవారు ఎవరైనా ఉన్నారా, గొంతు సహకరిస్తుందా?" అని మీరు అడిగారు. ఉన్నారు. 1895లో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టిన నల్లజాతి గాయని ఆల్బర్టా హంటర్, బ్లూస్ (అమెరికా నల్లజాతివారి కష్టసుఖాల పాటలు) పాడిన మనిషి, 82 ఏళ్ల వయసులో మళ్లీ పాడటం మొదలుపెట్టింది. అయితే ఆమె కథను అందరూ చెప్పే తీరు మీద, ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసిన నాకు గట్టి అభ్యంతరం ఉంది.

చిన్న వయసులోనే షికాగో చేరి, అక్కడి క్లబ్బుల్లో పాడుతూ ఆమె పైకి వచ్చింది. పియానో వాద్యకారిణి లవీ ఆస్టిన్‌తో కలిసి ఆమె రాసిన 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' పాటతోనే 1923లో ప్రసిద్ధ బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ తొలి రికార్డు వెలువడింది. 1928లో లండన్‌లో ప్రసిద్ధ నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్‌తో కలిసి 'షో బోట్' సంగీత నాటకంలో నటించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక శిబిరాలు తిరిగి పాడింది. 1950లలో తల్లి మరణించాక వేదికలు వదిలి, వయసు 12 ఏళ్లు తగ్గించి చెప్పి నర్సు శిక్షణలో చేరి, న్యూయార్క్‌లో దీర్ఘరోగులను చూసే గోల్డ్‌వాటర్ ఆసుపత్రిలో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసింది. 70 నిండాయన్న లెక్కతో 1977లో ఆసుపత్రివారు ఆమెను రిటైర్ చేసేనాటికి అసలు వయసు 82.

ఈ ఇరవై ఏళ్లను అందరూ "పాటకు దూరమైన కాలం" అంటారు. ఆ మాటను నేను ఒప్పుకోను.

పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఐదున్నర శ్రుతిలో పాడేదాన్ని (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి వెళుతుంది). ఉద్యోగం, సంసారం కలిసి దాన్ని మాన్పించాయి. ఒక నైట్ డ్యూటీలో, తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడ రాత్రి రెండు గంటలకు కొడుకు పేరు పెట్టి పిలుస్తూ, చేతికున్న సెలైన్ సూదిని లాగేసుకోబోయింది. ఆమె చేతిని పట్టుకుని, తక్కిన మంచాలవారు లేవకుండా, మా అమ్మమ్మ పాడిన లాలిపాటను బాగా కింది శ్రుతిలో మొదలుపెట్టాను. గమకాలు (స్వరాన్ని ఊపి పలికే తీరు) పలకలేదు, ఊపిరి చాలక చరణం మధ్యలో ఆగవలసి వచ్చింది. ఆగినప్పుడల్లా ఆవిడ "ఆపకు తల్లీ" అనేది. పదిహేను నిమిషాల్లో నిద్రపోయింది. నా తొమ్మిదేళ్ల సాధనలో ఒక్క కీర్తన కూడా అంత అవసరంగా నేను పాడలేదు.

అందుకే మా అమ్మాయి పంపిన వీడియోలో పెద్ద పెద్ద చెవిరింగులతో పాడుతున్న ఆల్బర్టాను చూసినప్పుడు, ఆ బొంగురు గొంతులో నాకు వార్డు వినిపించింది. 1977లో న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ పేటలో ఉన్న 'ది కుకరీ' రెస్టారెంటులో ఆమె మళ్లీ పాడటం మొదలుపెట్టినప్పుడు, యవ్వనంలోని గొంతు కోసం వెతుక్కోలేదు. బరువెక్కిన గొంతునే, మాట మాటకీ అర్థం పలికేలా వాడుకుంది. దీర్ఘరోగుల మధ్య గడవకపోతే ఆ నిదానం ఆమెకు వచ్చేది కాదని నా దృఢమైన నమ్మకం. పైగా నర్సుగా ఉన్న రోజుల్లోనే, 1961లో, ఆమె రికార్డింగులు చేసింది. పాట ఆమెను పూర్తిగా విడిచింది ఎప్పుడు?

మన దగ్గర చాలా పాటల పోటీల్లో వయసు హద్దు ముందుంటుంది. రిటైరయ్యాక ఒక సంగీత పాఠశాలకు వెళితే, నా గొంతు వినకుండానే "పిల్లలకే చెబుతామండీ" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది. ఆల్బర్టా 1984లో, 89 ఏళ్ల వయసులో మరణించింది. ఆ చివరి సంవత్సరం వరకూ పాడుతూనే ఉంది.

మీ గొంతు సంగతికి వస్తే, పాత శ్రుతి దగ్గర దాన్ని పరీక్షించకండి. నేను ఇప్పుడు నాలుగు శ్రుతిలో పాడుతున్నాను. తంబూరా పెట్టుకుని వారం రోజులు మంద్రస్థాయిలో (కింది స్వరాల్లో) మాత్రమే పాడి చూడండి. ఊపిరి ఎక్కడ చాలడం లేదో తెలిశాక చరణాలను అక్కడ విరుచుకోవచ్చు.